నెత్తిమీద ఎండ, ఇంట్లో ఉక్క

పదకొండున్నర దాటింది. ఈయన ఎప్పుడో పడుకున్నారు. అత్తయ్య గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. మధ్యాహ్నం నుంచి ఒక్క మాట బుర్రలోంచి పోవడం లేదు. రాసేస్తే గాని నిద్ర పట్టదు.

పొద్దున్న పదింటికి కరెంటు పోయింది. లైన్ల మరమ్మతులని ముందురోజే ఫోనుకి మెసేజ్ వచ్చిందట, నేను చూసుకోలేదు. మూడున్నరకి గాని రాలేదు. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, అప్పుడే గోడలు చెయ్యి వేస్తే కాలుతున్నాయి. అత్తయ్య హాల్లో గచ్చు మీద చాప పరిపించుకుని, తాటాకు విసనకర్రతో విసురుకుంటూ నన్ను పిలిచారు. “ఏటే అమ్మాయ్, మేడ మీద ఆ సోలార్ అద్దాలు అంతలా మెరిసిపోతన్నాయి కదా. నెత్తిమీద అంత ఎండెట్టుకుని కరెంటు లేదంటావేటి?”

జవాబు నాకు తెలుసు. అయినా నోరు పెగల్లేదు. “వస్తుందిలెండి అత్తయ్యా” అని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆవిడ అడిగిందాంట్లో తప్పేముంది?

పోయినేడు సోలార్ పెట్టించినప్పుడు నేనెంత సంబరపడ్డానో! 3 కిలోవాట్లు, ఆరు ప్యానెళ్ళు. కేంద్ర ప్రభుత్వ సూర్యఘర్ పథకంలో 78,000 సబ్సిడీ వచ్చింది, అది పోగా మా చేతిది 1,20,000 అయింది. మంచి ఎండ రోజున 12 యూనిట్లు వస్తుంది. పగలు మేం వాడగా మిగిలింది లైన్లోకి వెళ్తుంది, రాత్రి మళ్ళీ అక్కణ్ణించి తీసుకుంటాం, నెలాఖరుకి తేడాకే బిల్లు. ఏసీ వేసుకున్న నెలల్లో కూడా బిల్లు కాగితం చూసి భయపడక్కర్లేకుండా పోయింది. ఆ సంతోషం నిజమే, కాదనను.

కానీ ఆ కుర్రాడు, పెట్టడానికి వచ్చినతను, మా మెట్ల కింద ఉన్న పాత ఇన్వర్టరూ బ్యాటరీ చూసి ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “ఇంక దీంతో మీకేం పని మేడమ్, మీ కరెంటు మీరే తయారుచేసుకుంటారు కదా.” బ్యాటరీకి నాలుగు వేలిచ్చి, ఆటో పిలిపించి మరీ పట్టుకెళ్ళిపోయాడు. ఎంత చూసుకున్న బ్యాటరీ అది! మూడు నెలలకోసారి మూతలు విప్పి, తేలే బుడిపెలు ఎంత దిగాయో చూసి, డిస్టిల్డ్ వాటర్ పోసేదాన్ని. టెర్మినళ్ళ దగ్గర తెల్లగా పూస్తే వేడినీళ్ళతో కడిగి వేజలైన్ రాసేదాన్ని. ఇంకో రెండేళ్ళు వచ్చేది. కరెంటు పోతే మూడు ఫ్యాన్లూ లైట్లూ మూడు గంటలు లాగేది. అత్తయ్య పొగ మిషను, అదే ఆయాసానికి మందు పీల్చే నెబ్యులైజర్, అది కూడా దాని మీదే.

పెట్టించిన పన్నెండో రోజున మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. నేను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను, మనకి సోలారుందిగా అని. ఒక్క ఫ్యానూ తిరగలేదు. ఫోన్ చేస్తే, “అవును మేడమ్, ఇది ఆన్‌గ్రిడ్, లైన్లో కరెంటు ఉంటేనే ఇది పనిచేస్తుంది” అన్నాడు, అది నాకు పుట్టుకతోనే తెలిసుండాలన్నంత మామూలుగా. మరి బ్యాటరీ పట్టుకెళ్ళేటప్పుడు ఆ నోరు ఏమైంది? ఎండ ఉంది, ప్యానెల్ ఉంది, తీగలున్నాయి, ఫ్యాను మాత్రం తిరగదు. ఇది ముందే చెప్పాల్సిన మాట. చెప్పి ఉంటే పాత బ్యాటరీని గడప దాటనిచ్చేదాన్నా? ఏడాది దాటినా ఆ కోపం చల్లారలేదు. ఈరోజు అత్తయ్య విసనకర్ర చూశాక మళ్ళీ రాజుకుంది.

సరే, భోజనాలయ్యాక, ఎంతైతే అంతయింది, బ్యాటరీ పెట్టించేద్దాం అనుకున్నాను. ఇంకొకాయనకి ఫోన్ చేశాను. ఆయన ఓపిగ్గానే చెప్పాడు. ఉన్న ఇన్వర్టర్ తీసి హైబ్రిడ్‌ది, అంటే లైనుతోనూ బ్యాటరీతోనూ నడిచేది, పెట్టాలి. 5 యూనిట్లు పట్టే లిథియం బ్యాటరీ ఒక్కటే 1,40,000. ఇన్వర్టరూ వైరింగూ కలిపి ఇంకో 70,000. మొత్తం 2,10,000. సబ్సిడీ ప్యానెళ్ళకే, బ్యాటరీకి రాదు. ఇల్లంతా వెలిగించే ప్యానెళ్ళకి మేం పెట్టినదానికంటే, ఆ వెలుగుని రాత్రిదాకా దాచిపెట్టే పెట్టెకి ఎక్కువ పెట్టాలి!

ఎప్పటిలాగే క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో లెక్క వేశాను. అయిదు యూనిట్ల బ్యాటరీలో రోజూ నాలుగు వాడుకున్నామనుకోండి. మా స్లాబులో యూనిట్ 6 రూపాయలు. రోజుకి 24, ఏడాదికి 8,760. ఒక్క బ్యాటరీ డబ్బు తిరిగి రావడానికే పదహారేళ్ళు. గ్యారంటీ చూస్తే పదేళ్ళు. అసలు ఆ 24 కూడా మిగలదు. పగలు మేం లైన్లోకి పంపిన యూనిట్‌కి రాత్రి యూనిట్ తిరిగిస్తున్నారు కదా, అంటే లైనే మాకు బ్యాటరీ, అదీ ఉచితంగా. సొంత బ్యాటరీలోకి ఎక్కించి దించితే పదో వంతు దారిలోనే పోతుంది. డబ్బు కోసమైతే ఇది శుద్ధ దండగ.

సిడ్నీలో ఉన్న మా చెల్లెలి కొడుకేమో, “పెద్దమ్మా, కళ్ళు మూసుకుని పెట్టించెయ్, ఇక్కడ మా వీధిలో అందరికీ ఉంది” అంటాడు. వాడు అబద్ధం చెప్పడు. అక్కడ పగలు లైన్లోకి పంపిన యూనిట్‌కి నాలుగైదు సెంట్లిచ్చి, రాత్రి అదే యూనిట్‌కి ముప్ఫై సెంట్ల పైన తీసుకుంటారు. 2025 జులై నుంచి వాళ్ళ ప్రభుత్వం బ్యాటరీ ధరలో దాదాపు ముప్ఫై శాతం తగ్గిస్తోంది కూడా. వాడికి ఆ పెట్టె డబ్బు సంపాదించి పెడుతుంది. మాకలా కాదు. వాడి లెక్క పట్టుకుని నేను కొంటే, సిడ్నీ చలికి కుట్టిన కోటు విశాఖపట్నంలో తొడుక్కున్నట్టుంటుంది. వద్దులే అని క్యాలెండర్ గోడకి తగిలించేశాను.

తగిలించాక మళ్ళీ అదే చప్పుడు. విసనకర్ర అంచు అత్తయ్య గాజులకి తగిలే చప్పుడు. దాంతో హుద్‌హుద్ తుఫాను గుర్తొచ్చింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. అప్పుడు కంచరపాలెంలో అద్దెకుండేవాళ్ళం. మావయ్యగారు ఉన్నారు. గంటకి నూట ఎనభై కిలోమీటర్ల గాలని తరవాత పేపర్లో చదివాం గాని, ఆ పూట మాకు తెలిసింది చప్పుడొక్కటే. మధ్యాహ్నం కాసేపు గాలి ఆగిపోయింది. అయిపోయిందనుకుని ఈయన తలుపు తీశారు. మావయ్యగారు గట్టిగా కేకేసి వేయించేశారు. అది తుఫాను కన్ను అట, ఊరి మీదుగా పోతోందట. కాసేపటికి గాలి రెండో వైపు నుంచి మొదలైంది. ఎదురు మేడ మీది వేడినీళ్ళ సోలార్ డబ్బా లేచి, గొట్టాలతో సహా, రోడ్డు మీద పడింది. పడ్డం నా కళ్ళతో చూశాను.

మర్నాడు పొద్దున్న చూస్తే వీధిలో ఒక్క స్తంభం నిలబడి లేదు. కొండ మీద పచ్చనాకు లేదు. కరెంటు లేకపోతే ఏముంది, దీపం పెట్టుకుంటాం అనుకుంటాం. దీపం సంగతి ఎవరిక్కావాలి! మోటారు ఆడదు. రెండో రోజుకి ట్యాంకు అడుగంటింది. ఒకాయన ఆటోలో జనరేటర్ పెట్టుకుని ఇంటింటికీ తిరిగాడు, గంట మోటారు ఆడిస్తే వెయ్యి. కూడలిలో ఫోను చార్జింగ్‌కి యాభై. పాల ప్యాకెట్టు మామూలు ధరకి రెండింతలు. మావయ్యగారి ఇన్సులిన్ నెలకి సరిపడా ఫ్రిజ్‌లో ఉంది. అత్తయ్యే ఉపాయం చెప్పారు. కొత్త కుండ అడుగున ఇసక పోసి తడిపి, అందులో చిన్న కుండ పెట్టి, సీసాలు అందులో పెట్టి తడిగుడ్డ కప్పాం. పూటపూటకీ నీళ్ళు చల్లాలి. ఇంట్లో తాగే నీళ్ళకే లెక్క, అందులోంచి గ్లాసుడు ఆ ఇసక మీద పోస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది. రాత్రిళ్ళు లేచి చెయ్యి పెట్టి చూసేదాన్ని, చల్లగా ఉందా లేదా అని. ఆరు రాత్రులు అలా.

పన్నెండేళ్ళనాటి బ్యాటరీ ధర ఎంతుండేదో గాని, ఆ ఆరు రాత్రుల్లో ఎవరైనా రెండు లక్షలిమ్మంటే గాజులమ్మి ఇచ్చేదాన్ని. యూనిట్‌కి 6 రూపాయలని నేను మధ్యాహ్నం వేసిన లెక్కలో ఆ కుండ ఎక్కడుంది?

అయిదో రోజున స్తంభాలు వేయడానికి వేరే జిల్లా నుంచి మనుషులొచ్చారు. అందులో ఒకబ్బాయి, పాతికేళ్ళుంటాయి, రాయలసీమ మాట. స్తంభం ఎక్కకముందు వీధంతా నడుస్తూ గుమ్మం గుమ్మం దగ్గరా అరిచాడు. “ఎవురింట్లోనన్నా జనరేటర్ ఆడుతా ఉంటే ఆపండి సామీ!” మూలింటివాళ్ళు జనరేటర్‌ని ఏ స్విచ్చూ లేకుండా నేరుగా ఇంటి బోర్డుకే తగిలించుకున్నారు. అతను వాళ్ళ గుమ్మంలో నిలబడి, అది ఆపేదాకా కదల్లేదు. ఇంట్లోంచి కరెంటు మీటరు దాటి లైన్లోకి ఎదురొస్తే, ట్రాన్స్‌ఫార్మర్లో పడి వేల వోల్టులవుతుందట. చచ్చిన తీగే కదా అని పట్టుకున్నవాడు పోతాడట. తీగలన్నీ కలిపి భూమికి తగిలించాకే ఎక్కాడు. మధ్యాహ్నం మా అరుగు మీదే కూర్చోబెట్టి పప్పుచారూ అన్నం పెట్టాను. ఆవకాయ రెండోసారి అడిగి వేయించుకున్నాడు. మర్నాడు రాత్రి కరెంటొచ్చింది. వీధి వీధంతా ఒక్క గొంతుతో “వచ్చింది!” అని అరిచింది.

సాయంత్రం ఇదంతా తలుచుకుంటుంటే తట్టింది. మా ప్యానెళ్ళు కరెంటు పోగానే ఆగిపోయేది అందుకే. దాన్నేదో యాంటీ ఐలాండింగ్ అంటారని ఆ రెండో ఆయన చెప్తే వినేసి ఊరుకున్నాను. ఈరోజు పదింటి నుంచి మూడున్నర దాకా మా వీధి చివర స్తంభం మీద కూడా ఎవరో ఒకరున్నారు. మా మేడ మీది ఆరు అద్దాలూ ఆ ఎండలో లైన్లోకి కరెంటు తోస్తూ ఉండి ఉంటే? ఏడాదిగా నేను దేన్ని మోసం అని తిట్టుకుంటున్నానో, అది ఆ అబ్బాయి గుమ్మం గుమ్మానా తిరిగి అడుక్కున్నదే. ఇప్పుడు ఎవరూ అడక్కుండానే ఆగుతోంది. ఆగాలి కూడా.

ముందే చెప్పకుండా మా బ్యాటరీ పట్టుకెళ్ళినతని మీద కోపం మాత్రం అలాగే ఉంది. అది వేరు, ఇది వేరు.

మరి రెండు లక్షలు పెట్టాలా? ఇందాక కుండ గుర్తొచ్చినప్పుడు పెట్టాలనిపించింది. కానీ ఎదురింటి వేడినీళ్ళ డబ్బా కూడా గుర్తొచ్చింది కదా. అంత గాలొస్తే మేడ మీద ప్యానెళ్ళు ఉంటాయా? ప్యానెల్ ఎగిరిపోతే ఆ లిథియం పెట్టె ఒక్క రాత్రికి ఖాళీ. ప్యానెళ్ళు నిలబడితే మాత్రం రోజూ నిండుతుంది, ఆరు రోజులైనా ఫ్రిజ్ నడుస్తుంది, మోటారు ఆడుతుంది. మామూలు ఇన్వర్టర్‌కి ఆ దారి లేదు, లైన్ రాకపోతే దాన్ని నింపేవాళ్ళుండరు. అయితే ఈరోజులాంటి అయిదారు గంటల కోతకి అది చాలు. 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీలో, అదే నీళ్ళు పోసే రకంలో, నమ్మకంగా ఒక యూనిట్ వాడుకోవచ్చు. హాల్లోనూ అత్తయ్య గదిలోనూ ముప్ఫై వాట్ల కొత్తరకం ఫ్యాన్లు పెట్టిస్తే, నాలుగు లైట్లతో కలిపి వంద వాట్లు. పది గంటలు. మధ్యలో పొగ మిషను ఇరవై నిమిషాలు. ఇన్వర్టరూ బ్యాటరీ కలిపి పాతిక వేలలోపు అన్నాడు ఆ రెండో ఆయన.

ఈయన్ని అడిగితే రెండోదే అంటారు. నాకు మొదటిదే కావాలని ఉంది, ఈ ఏడాది చేతిలో లేదు. ముందు మేడ మీద ప్యానెళ్ళ కాళ్ళకి పోసిన కాంక్రీటు దిమ్మలు ఎంత గట్టివో ఎవరినైనా తీసుకొచ్చి చూపించాలి. తుఫాన్ల నెలలొచ్చేలోపు చూపించాలి.

రాత్రి అన్నం తినేటప్పుడు అత్తయ్యకి జవాబు చెప్పాను. స్తంభం ఎక్కినవాళ్ళ కోసం ఆగిపోతుందండీ, అని. ఆవిడ ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించారు. “నువ్వు ఆవకాయేసి అన్నం పెట్టిన పిల్లడు లాంటోడు” అన్నారు. నేను పేరెత్తనే లేదు, ఆవిడకే గుర్తొచ్చింది. “అలాగైతే ఆగడమే మంచిదే.” కాసేపాగి, మజ్జిగ పోసుకుంటూ, “మరి నా పొగ మిషనుకో?” అన్నారు.

రేపు ఫోన్ చేస్తానన్నాను. ఇందాక టేపు తీసుకుని మెట్ల కింద కొలిచాను. రెండడుగులూ అడుగున్నరా, పాత బ్యాటరీ చక్రాల గుర్తులు ఇంకా గచ్చు మీదే ఉన్నాయి. నీడగా ఉంది, గాలి తగులుతుంది.