పన్నెండేళ్ల తర్వాత పళ్లకు సరైన వైద్యం: నా అనుభవం

నిన్న నాలుగో సిట్టింగ్ అయిపోయింది. కుడివైపు కింది దవడ పన్నుకి క్యాప్ వేశారు. నాలుక ఇంకా ఆ పన్నునే తడుముతోంది. రోజులు గడిస్తే కోపం చల్లారిపోతుందేమోనని ఇవాళే రాసేస్తున్నాను.

అంతకుముందు పన్నెండేళ్లలో నేను పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లింది రెండే సార్లు. రెండుసార్లూ నొప్పికి తట్టుకోలేకే. రెండుసార్లూ పన్ను పీకించుకుని వచ్చేశాను. మూడోసారి దవడ వాచి కన్ను సగం మూసుకుపోయింది. ఓపీ చీటీ, ఎక్స్‌రే అన్నీ అరగంటలో అయిపోయాయి. వాటి గురించి చెప్పడానికేమీ లేదు.

అసలు సంగతి ఆ తర్వాత కుర్చీలో జరిగింది. డాక్టర్ పక్కన ఇద్దరు విద్యార్థులు నిలబడ్డారు. నోరు తెరవమన్నాడు. అద్దం లోపల పెట్టి, "ఇన్నేళ్లు ఏం చేస్తున్నావమ్మా? అసలు పళ్లు తోముకునే అలవాటుందా?" అన్నాడు. నోట్లో అద్దం, పక్కన ఉమ్ము లాగే గొట్టం. జవాబు ఎలా చెప్పను? ఆయన జవాబు కోసం ఆగనూ లేదు. విద్యార్థుల వైపు తిరిగి, "పట్టించుకోకపోతే నోరు ఎలా తయారవుతుందో చూడండి" అన్నాడు. వాళ్లు వంగి చూశారు. ఒకమ్మాయి జాలిపడింది, ఆ ముఖం నాకు గుర్తుంది. మధ్యలో తెర ఒక్కటే, అవతల వరుసలో కూర్చున్నవాళ్లకు అంతా వినిపించింది. కుర్చీ వెనక్కి వాల్చి ఉంది కదా, కన్నీళ్లు పక్కలకు కారి చెవుల్లోకి వెళ్లాయి. నొప్పి వల్ల అనుకున్నారు.

నోరు ఖాళీగా ఉంటే ఇలా చెప్పేదాన్ని. రోజుకు రెండు పూటలా తోముకుంటాను డాక్టర్ గారూ. నాది కుట్టు మిషన్ల దగ్గర షిఫ్టు పని. మీ దగ్గర అపాయింట్‌మెంట్ ఇచ్చే కిటికీ తెరిచే వేళకు నేను మిషన్ మీద ఉంటాను. అక్కడ ఫోను తీయనివ్వరు. ఒకసారి ఎలాగో తారీఖు దొరికితే, ముందురోజు షిఫ్టు మార్చారు. రాలేదని నా పేరు కొట్టేసి, మళ్లీ మొదటినుంచి రాయించుకోమన్నారు. పూట సెలవు పెడితే పూట జీతం పోతుంది. ఇన్నేళ్లలో మా అబ్బాయి పళ్ల పరీక్ష ఒక్కటీ తప్పలేదు. తప్పింది నావే.

ఇంకొక మాట కూడా చెప్పేదాన్ని. ఆరేళ్లుగా నాకు షుగర్. షుగర్ ఉంటే చిగుళ్ల జబ్బు తొందరగా ముదురుతుంది. చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపు తప్పుతుంది. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఈ సంగతి నాకు మొన్ననే తెలిసింది. ఆరేళ్లలో షుగర్ క్లినిక్‌లో నా కాళ్లు చూశారు, కళ్లు చూశారు. ఒక్కరు కూడా నోరు చూడలేదు.

ఆరోజు మందులు తీసుకుని ఇంటికొచ్చి, ఇక ఆ గడప తొక్కకూడదనుకున్నాను. రెండు వారాలకు నొప్పి దానంతటదే పోయింది. ఇది చదివేవాళ్లకు చేతులెత్తి చెబుతున్నాను, నొప్పి పోయిందని సంబరపడకండి. లోపలి నరం చచ్చిపోతే నొప్పి తెలియదు, చీము మాత్రం వేరు కింద చేరుతూనే ఉంటుంది. నాకు జరిగింది అదే. మళ్లీ వాచింది.

ఈసారి వేరే చోటికి వెళ్లాను. అక్కడ ఒక పరిశోధన జరుగుతోంది. నొప్పి వచ్చినప్పుడే వచ్చేవాళ్లను క్రమం తప్పకుండా వచ్చేలా చేయడం ఎలా అన్నది దాని విషయం. అంగీకార పత్రం చదివి వినిపించారు, సంతకం చేశాను. లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేస్తారట. ఒక జట్టుకు మామూలు వైద్యం, ఇంకో జట్టుకు మామూలు వైద్యంతో పాటు నర్సుతో మాట్లాడే సమయం. నాకు నర్సు దొరికింది. దొరకనివాళ్లలో నాలాంటిది ఒకతె ఉండే ఉంటుందన్న ఆలోచన ఇప్పటికీ పోలేదు. పోల్చి చూడకపోతే ఏది పనిచేస్తుందో తెలియదని నర్సు వివరించింది. అర్థమైంది, అయినా మనసు ఒప్పుకోలేదు.

ముందు 5 ప్రశ్నల కాగితం ఇచ్చారు. రేపు వైద్యానికి వెళ్లాలంటే ఎలా ఉంటుంది, వేచి ఉండే గదిలో ఎలా ఉంటుంది, డ్రిల్ పెడతారంటే, గార తీస్తారంటే, చిగురుకు మత్తు సూది వేస్తారంటే ఎలా ఉంటుంది అని. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 19 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే భయం చాలా ఎక్కువని లెక్క. నాకు 22 వచ్చాయి. నర్సు ఆ అంకె చూసి, "ఇంత భయం పెట్టుకుని కూడా వచ్చావంటే గొప్పే అక్కా" అంది. పన్నెండేళ్లలో నా నోటి గురించి నేను విన్న మొదటి మంచి మాట అది.

తర్వాత ఆమె అడిగింది ఒక్కటే: "రానివ్వకుండా నిన్ను ఆపుతున్నదేంటక్కా?" పళ్లు ఎలా తోమాలో చెప్పలేదు, బొమ్మలు చూపించలేదు. నేను చెబుతుంటే రాసుకుంది. ఇద్దరం కలిసి ఒక కాగితం తయారుచేశాం. "షిఫ్టు మారితే, ఆ రాత్రే ఈ నంబరుకు మెసేజ్ పెడతాను." "కుర్చీలో భయమేస్తే, ఎడమ చెయ్యి ఎత్తుతాను, డాక్టర్ ఆపుతారు." ఇలా అయితే అలా చేస్తాను అని ముందే రాసుకుంటే ఆ పని జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త చాలా ఏళ్ల క్రితమే చెప్పాడట. నా విషయంలో అది నిజమైంది. రెండుసార్లు షిఫ్టు మారింది, రెండుసార్లూ మెసేజ్ పెట్టాను, తారీఖు మార్చారు. పన్ను లోపలి చచ్చిన నరాన్ని తీసి శుభ్రం చేసే రూట్ కెనాల్‌లో మూడుసార్లు చెయ్యి ఎత్తాను, మూడుసార్లూ ఆపారు. నాలుగు సిట్టింగుల్లో ఒక్కటి కూడా తప్పలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. రూట్ కెనాల్ నొప్పి గురించి అడగకండి, మత్తు ఎక్కాక ఏమీ తెలియలేదు.

ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మందికి నోటి జబ్బులున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో ఉంది. ఇంతమందీ పట్టించుకోనివాళ్లేనా? వైద్యం ఎక్కువ అవసరమైనవాళ్లకే మంచి వైద్యం తక్కువగా అందుతుందని జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వేల్స్ డాక్టర్ 1971లోనే రాశాడు. తెరవతల నవ్వులపాలైన మనిషి మళ్లీ రాకపోతే, ఆ మనిషికి శ్రద్ధ లేదని లెక్కలో రాసుకుంటారు. నాకు మండేది అక్కడే.

మీరూ చాలా ఏళ్లుగా వెళ్లకపోతే కౌంటర్ దగ్గరే చెప్పండి, చాలాకాలమైంది, భయంగా ఉందని. అది విని ముఖం చిట్లించే చోట కూర్చోకండి, వీలుంటే ఇంకో చోటికి వెళ్లండి. అందరూ ఆరు నెలలకోసారి వెళ్లి తీరాలన్న భయం కూడా వద్దు. బ్రిటన్‌లో ఇంటర్వల్ అనే పరిశోధనలో 2,372 మందిని 4 ఏళ్లు గమనించారు. అందరినీ ఆరు నెలలకోసారి పిలిచినా, ఎవరి నోటి పరిస్థితిని బట్టి వాళ్లను పిలిచినా నోటి ఆరోగ్యంలో తేడా కనిపించలేదని 2020లో తేల్చారు. కాబట్టి "నేను మళ్లీ ఎప్పుడు రావాలి?" అని మీ గురించే అడగండి. షుగర్, చిగుళ్ల జబ్బు ఉన్నాయి కాబట్టి నాకు మూడు నెలలన్నారు.

నా పక్క మిషన్ మీద కూర్చునే ఆమె నెల రోజులుగా ఒకవైపే నములుతోంది. అడిగితే ఏమీ లేదంటుంది. నిన్న నా కాగితం తీసి ఆమె ముందు పెట్టాను. చాలాసేపు చదివి, "ఆ నర్సు ఏ రోజుల్లో ఉంటుంది?" అంది. గురువారం ఉంటుందని చెప్పాను. ఇద్దరం మధ్యాహ్నం షిఫ్టు అడిగాం.