కైవారం తాతయ్య ఊరిలో అమ్మ, నేను

అమ్మకు పోయిన ఏడు మోకాలి ఆపరేషన్ అయింది. లేచి నడిస్తే కైవారం తీసుకెళ్తానని మొక్కుకున్నది నేనే. అందుకే ఆదివారం పొద్దున్నే బెంగళూరులో మారతహళ్లి నుంచి బయలుదేరాం. హోసకోట దాటి చింతామణి రోడ్డెక్కాక గోడౌన్లు వెనకబడి రాగి చేలు, టమాటా తోటలు కనిపించాయి. కైవారం క్రాస్‌లో తిరిగితే ఊరు.

ఇదే భారతంలోని ఏకచక్రపురమని, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడి కొండ దగ్గరేనని ఊరివాళ్ల నమ్మకం. భీమేశ్వరుడి గుడి ఉంది. కానీ మేం వచ్చింది తాతయ్య కోసం.

యోగి నారేయణ యతీంద్రులను ఇక్కడ అందరూ తాతయ్య అనే అంటారు. 1726లో పుట్టి 110 ఏళ్లు బతికారని చెబుతారు. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన మనిషి. డబ్బు అడగకుండానే గాజులు తొడిగి వచ్చేవారట. గురువు ఇచ్చిన గులకరాయిని నోట్లో పెట్టుకుని, అది కలకండ అయ్యేదాకా గుహలో జపం చేశారట. కాలజ్ఞానం చెప్పారు, అమర నారేయణ శతకం రాశారు. అదీ తెలుగులో!

మఠంలో భజన జరుగుతోంది. పాడుతున్న వాళ్ల చేతుల్లో పుస్తకాలు కన్నడ లిపిలో ఉన్నాయి, నోట వచ్చేది మాత్రం తెలుగు. నెల్లూరులో పుట్టి పెరిగిన అమ్మ ఒక్క మాట కూడా అడగాల్సిన పని లేకుండా అర్థం చేసుకుంది. కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. బయటికొచ్చి డజను మట్టిగాజులు కొనుక్కుంది.

అన్నప్రసాదం తిన్నాక ఊరి చివర మల్బరీ తోట దగ్గర ఆగాం. చంద్రికల్లో, అంటే వెదురు తట్టల్లో, పట్టుపురుగులు గూళ్లు కడుతున్నాయి. ఆకు కోస్తున్న ఒక అవ్వ పలకరించింది.

"ఏ ఊరు నాయనా మీది?"

నెల్లూరని చెప్పాను. మా పెన్న పుట్టింది ఈ నంది కొండల దగ్గరే. పాలారు, దక్షిణ పినాకిని పుట్టిందీ ఈ చుట్టుపక్కలే. అయినా ఈ చిక్కబళ్లాపుర జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. వానొస్తే చెరువు, లేకపోతే వెయ్యి అడుగులు దాటిన బోరు. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి 2018 నుంచి కోలారు చెరువులకు, తర్వాత ఈ జిల్లా చెరువులకూ పంపుతున్నారు. మూడో దశ శుద్ధి కూడా చేసి పంపమని రైతులు అడుగుతున్నారు. న్యాయమైన మాట. అవి మా ఇళ్లలో మేం వాడి వదిలిన నీళ్లే కదా, బాగుచేసి ఇవ్వాల్సిన బాధ్యత మాదే.

అవ్వ కొడవలి పక్కన పెట్టి అమ్మనడిగింది.

"మీ ఊర్లో పెన్నలో నీళ్లుండాయా?"

"ఉన్నాయక్కా," అంది అమ్మ. "సోమశిల నిండింది."

"పోనీలే, ఆడన్నా పారనీ," అని అవ్వ మళ్లీ ఆకు కోతకు వంగింది.