రంగు ఈస్ట్‌తో పొట్టలు చూడటం: పారమీషియం నుంచి దోమ లార్వా దాకా

ఒళ్లు పారదర్శకంగా ఉండే చిన్న జీవుల్లో తిన్నది ఎటు పోతోందో, ఎక్కడ ఆమ్లం తగులుతోందో మామూలు విద్యార్థి మైక్రోస్కోప్‌తోనే చూడొచ్చు. ఈ వరుసలో పారమీషియం, డాఫ్నియా (నీటి ఈగ), దోమ లార్వా, హైడ్రా (గొట్టంలాంటి చిన్న నీటి జీవి), ప్లనేరియా (చదును పురుగు) అయిపోయాయి. రోటిఫర్ అనే సూక్ష్మ నీటి జీవి సగంలో ఉంది. పారమీషియం నిజానికి జంతువు కాదు, ఏకకణ జీవి. అయినా రంగు మార్పు ఇంత స్పష్టంగా కనిపించేది దానిలోనే కాబట్టి మొదలుపెట్టడం దానితోనే మంచిది.

ఈస్ట్ తయారీ

10 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 3 గ్రాముల ఈస్ట్, ఆమ్లం తగిలితే రంగు మారే కాంగో రెడ్ పొడి 30 మిల్లీగ్రాములు వేసి సన్నటి మంట మీద 10 నిమిషాలు ఉడికించాలి. ఉడికితే ఈస్ట్ కణాలు చచ్చిపోయి రంగు లోపలికి దిగుతుంది. బతికున్న కణాల పొర రంగును రానివ్వదు. చల్లారాక కణాలు అడుగుకు దిగేదాకా ఆగి, పైన తేరిన ఎర్ర నీళ్లు వంపేసి, మంచి నీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. కడగకపోతే నీళ్లన్నీ గులాబీ రంగుకు తిరిగి, జీవి లోపలి రంగు, బయటి రంగు కలిసిపోతాయి. కాంగో రెడ్‌ను క్యాన్సర్ కారకంగా అనుమానిస్తారు. చేతి తొడుగులు వేసుకోవాలి, వంటగిన్నెలు వాడకూడదు.

ఈ రంగు పీహెచ్ (ఆమ్లం ఎంతో చెప్పే కొలత; 7 తటస్థం, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.2 పైన ఎర్రగా, 3 కింద నీలంగా ఉంటుంది. మధ్యలో ఊదా.

పారమీషియం

ఒక చుక్క కల్చర్‌లో టూత్‌పిక్ మొనకు అంటినంత ఈస్ట్ చాలు. ఎక్కువమంది తడబడేది కవర్ స్లిప్ వేసే వేళ దగ్గర. పరుగు ఆపడానికి మిథైల్ సెల్యులోజ్ జిగురును ముందే కలిపితే శైలికల (ఒంటి మీది సన్నటి వెంట్రుకల్లాంటివి) వేగమూ తగ్గుతుంది, నోట్లోకి ఈస్ట్ పోదు. మామూలు నీళ్లలో ఐదు నిమిషాలు తిననిచ్చి, ఆ తర్వాతే 2 శాతం మిథైల్ సెల్యులోజ్ ఒక చుక్క కలపాలి. కవర్ స్లిప్ అంచులకు వాజిలిన్ పూస్తే స్లైడ్ ఎండదు.

400 రెట్లలో నోటి గాడి చివర ఎర్రటి ఆహార రిక్తిక (తిన్నది ఉండే చిన్న సంచి) ఊరి, తెగిపడి, కణద్రవ్యంతో పాటు తిరగడం మొదలుపెడుతుంది. కొద్ది నిమిషాల్లో అది కుంచించుకుంటుంది, రంగు ఊదాకు, ఆపైన నీలానికి మారుతుంది. ఆమ్లం మోసే చిన్న సంచులు దానితో కలవడమే దీనికి కారణం. ఆ తర్వాత లైసోసోములనే మరో రకం సంచులు అరిగించే ఎంజైములు తెచ్చి పోస్తాయి, రిక్తిక మళ్లీ పెద్దదవుతుంది, పీహెచ్ తటస్థం వైపు తిరిగి ఎరుపు వస్తుంది. చివరికి మిగిలింది శరీరం వెనక భాగంలో ఒకే స్థిర స్థానం నుంచి బయటపడుతుంది. అంటే ముందు ఆమ్లంతో చంపడం, తర్వాత ఎంజైములతో కరిగించడం. (ఆవులో వరుస వేరు: మొదటి గది రూమెన్‌లో సూక్ష్మజీవులు బతకాలి కాబట్టి అక్కడ పీహెచ్ దాదాపు 6, 7 మధ్య ఉంటుంది, అసలు ఆమ్లం నాలుగో గదిలో గానీ రాదు.)

రిక్తికలన్నీ ఎర్రగానే ఉన్నాయంటే తొందరపడి చూశారన్నమాట. కొత్తవి పుట్టడమే ఆగిపోయిందంటే దీపం వేడిని అనుమానించాలి. వెలుతురు తగ్గించి, చూడని వేళ దీపం ఆర్పేస్తే సరిపోతుంది.

డాఫ్నియా

ఇక్కడ అదే ఈస్ట్ ఇచ్చే జవాబు వేరు. పేగు మొదటి నుంచి చివరిదాకా ఎరుపే. నీలం కోసం ఎదురుచూడటం దండగ, ఎందుకంటే డాఫ్నియా మధ్యాంత్రం (పేగు మధ్య భాగం) పీహెచ్ తటస్థానికి దగ్గర్లోనే ఉంటుంది. అంత తక్కువ ఆమ్లంలో ఎలా అరుగుతుందంటే, ఎంజైములు ఆ పీహెచ్‌కే సరిపడేవి. జీర్ణం అంటే ఆమ్లం అనుకోవడం మన పొట్టను చూసి అలవాటైన ఆలోచన.

అయితే డాఫ్నియాలో మరో సంగతి చూడొచ్చు: ప్రయాణ కాలం. ముందు క్లోరెల్లా అనే ఆకుపచ్చ శైవలం పెట్టి పేగంతా ఆకుపచ్చగా నిండనివ్వాలి. తర్వాత జంతువును రంగు ఈస్ట్ ఉన్న నీళ్లలోకి మార్చి, ఎరుపు, ఆకుపచ్చల మధ్య గీత ఎంత సేపట్లో వెనక కొసకు చేరుతుందో గడియారంతో చూడాలి. తిండి బాగా దొరికితే గంటలోపే చేరుతుంది. మంచి నీళ్లలోకి మార్చి పేగు ఖాళీ కావడం కోసం కాచుకుంటే లెక్క తప్పుతుంది, ఎందుకంటే వెనక నుంచి కొత్త తిండి నెట్టకపోతే పాతది చాలాసేపు అక్కడే ఉండిపోతుంది. నీటి ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి, 20 డిగ్రీల లెక్కను 28 డిగ్రీల లెక్కతో పోల్చలేం.

ఈస్ట్ మరీ చిక్కగా ఉంటే జంతువు తినదు, పొట్ట చివరి గోరుతో కాళ్ల మధ్య చిక్కుకున్న ముద్దను బయటికి తోసేస్తూ ఉంటుంది. ఆ కదలిక కనిపిస్తే నీళ్లు కలపండి. కదలకుండా ఉంచడానికి గుంట స్లైడ్‌లో చిటికెడు వాజిలిన్‌కు వీపు అంటించడం మేలు. దూది పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి.

దోమ లార్వా

దీని పేగులో చూడాల్సింది ఆమ్లం కాదు, క్షారం. అందుకే కాంగో రెడ్ పనికిరాదు, థైమాల్ బ్లూ అనే మరో రంగు కావాలి. ఇది పీహెచ్ 8 దగ్గర పసుపు, 9.6 పైన నీలం. 0.1 గ్రాము పొడిని 0.01 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 21.5 మి.లీ.లో కరిగించి 250 మి.లీ.కి నీళ్లు కలపాలి. లార్వాలున్న గిన్నెలో ఈ ద్రావణం కొన్ని చుక్కలు వేశాక నీళ్లు పసుపుగా మారాయో లేదో తప్పక చూడాలి. మారకపోతే నీళ్లే క్షారంగా ఉన్నట్టు, పేగులో కనిపించే నీలానికి అర్థమే ఉండదు.

మామూలు ఈస్ట్‌తో పాటు ఈ రంగు తాగిన నాలుగో దశ లార్వాలో మధ్యాంత్రం ముందు భాగం ముదురు నీలం, వెనక భాగం మళ్లీ పసుపు. ముందు భాగం పీహెచ్ 10 దాటుతుంది. కుళ్లిన ఆకుల్లోని టానిన్లు ప్రొటీన్లను పట్టేసుకోకుండా ఈ క్షారం అడ్డుకుంటుందని వివరణ. దీన్ని నిలబెట్టడానికి కణాలు నిరంతరం శక్తి ఖర్చు చేస్తాయి, అందుకే చచ్చిన లార్వాలో నీలం నిలవదు. బతికున్నదాన్నే చూడాలి. గిన్నెకు గట్టి వల కట్టండి, పని అయ్యాక వేడినీళ్లు పోసి పారేయండి.

హైడ్రా, ప్లనేరియా

రెండింటికీ ఒకటే ద్వారం. తిన్నది లోపలున్నంతసేపు కొత్తది పట్టదు. డాఫ్నియాలా వరసగా తినలేకపోవడానికి మూలం ఇదే.

హైడ్రాకు అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యలాంటి జీవి) పిల్లల్ని ఇవ్వాలి. ఉప్పునీరు తగిలితే హైడ్రా ముడుచుకుపోతుంది కాబట్టి సన్నటి జల్లెడలో మంచినీళ్లతో కడిగే వేయాలి. క్లోరిన్, రాగి ఉన్న నీళ్లు దాన్ని చంపేస్తాయి. పట్టుకున్న ఎర గాయాల నుంచి కారే గ్లూటాథయోన్ అనే పదార్థం వల్ల నోరు తెరుచుకుంటుందని 1955లో లూమిస్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ముందు కుహరంలో ఎంజైములు ఎరను తునకలు చేస్తాయి, తర్వాత ఆ తునకల్ని గోడ కణాలు మింగి లోపలే అరిగించుకుంటాయి. ఆర్టీమియా నారింజ రంగు కుహరంలోంచి గోడలోకి పాకడం 40 రెట్లలోనే తెలుస్తుంది. కొన్ని గంటల తర్వాత ఖాళీ పెంకులు నోటి నుంచే బయటికొస్తాయి. అవి రాగానే నీళ్లు మార్చాలి.

ప్లనేరియాను వారం పస్తు ఉంచి, మెత్తగా నూరిన కార్జంలో ఎర్ర ఫుడ్ కలర్ కలిపి గోరంత పెట్టాలి. లేత రంగు జాతి అయితేనే లోపల కనిపిస్తుంది. గాజు గిన్నె కింద అద్దం పెడితే పొట్ట మధ్య నుంచి తెల్లటి గొట్టంలా గ్రసని (గొంతు) బయటికి రావడం చూడొచ్చు. పేగు ముందుకు ఒకటి, వెనక్కి రెండు శాఖలుగా చీలి, వాటి నుంచి చిన్న కొమ్మలు ఒళ్లంతా అల్లుకుంటాయి. రక్తప్రసరణ లేదు కాబట్టి ఆహారం పంచే పనీ ఆ కొమ్మలదే. గంటలో మిగిలిన కార్జం తీసేయకపోతే నీళ్లు కుళ్లి జంతువులు చనిపోతాయి.

రోటిఫర్: ఇంకా జరుగుతోంది

గొంతులో నమిలే మాస్టాక్స్ ఆడటం బాగానే కనిపిస్తోంది. కోడి కందనకాయ రాళ్లతో చేసే పనిని ఇక్కడ గట్టి దవడలు చేస్తాయి. దవడ ఆకారం విడిగా చూడాలంటే కవర్ స్లిప్ ఒక అంచున బ్లీచ్ చుక్క వేసి, అవతలి అంచున ఫిల్టర్ పేపర్‌తో లాగాలి. ఒళ్లు కరిగిపోయి దవడలు మిగులుతాయి. లాగే వేగం ఎక్కువైతే అవీ కొట్టుకుపోతాయి, అందుకే కాగితం అంచు తాకించి తీసేయడం, ఆగడం, మళ్లీ తాకించడం. బ్లీచ్ ఉన్న స్లైడ్‌కు ఆమ్లం తగలనివ్వకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది. ఆబ్జెక్టివ్‌కు అంటితే వెంటనే తుడవాలి.