కావాలని ఓడిన మ్యాచ్

జేక్ లమోటా, బిల్లీ ఫాక్స్ బాక్సింగ్ మ్యాచ్ గురించి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. 1947 నవంబరు, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. అంత మొండి బాక్సర్ లమోటా కింద పడకుండానే, దెబ్బలు తింటూ నిలబడి నాలుగో రౌండ్‌లో ఓడిపోయాడు.

కావాలనే ఓడానని 1960లో అమెరికా సెనేట్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. టైటిల్ మ్యాచ్, అంటే ప్రపంచ ఛాంపియన్ పట్టం కోసం ఆడే మ్యాచ్, దక్కించుకోవడం కోసమట. అప్పట్లో ఫ్రాంకీ కార్బో లాంటి మాఫియా మనుషులు సరే అనకపోతే, ఎంత గెలిచినా ఆ ఛాన్స్ దొరకడం కష్టం. పైగా తనే 20,000 డాలర్లు కూడా ఇచ్చుకున్నాడు! 1949లో మార్సెల్ సెర్డాన్‌పై గెలిచి ఛాంపియన్ అయ్యాడు.

1961లో కార్బోకి 25 ఏళ్ల జైలు శిక్ష పడింది, మంచి పనే. కానీ వీళ్లకు లొంగక, ఆ ఒక్క మ్యాచ్ కూడా దక్కకుండా రిటైరైపోయిన బాక్సర్లకు ఎవరు న్యాయం చేశారు?