ఫొటో కింద దాక్కున్న కాగితం: స్క్రాప్‌బుక్ ఖర్చు తగ్గించిన పన్నెండు వారాలు

మా పాప మొదటి సంవత్సరం ఫొటోలు 212 ప్రింట్లు వేయించి రెండేళ్లయింది. ఆల్బమ్‌లోకి ఎక్కినవి 28. సామాను మాత్రం బీరువాలో ఒక అర నిండా పేరుకుంది. అందుకే పన్నెండు వారాలపాటు కొత్తవేవీ కొనకుండా, ఉన్నవాటితోనే స్క్రాప్‌బుక్ పేజీలు (ఫొటోలు, రంగు కాగితాలు, కబుర్లు కలిపి అలంకరించే ఆల్బమ్ పేజీలు) చెయ్యాలని పట్టుబట్టాను. ఏ పేజీకి ఏది ఎంత పట్టిందో నోట్‌బుక్‌లో రాస్తూ వచ్చాను. ఇదంతా అందులోంచే.

మొదటి వారం

ఒక్క పేజీ కూడా చెయ్యలేదు, లెక్కతోనే సరిపోయింది. 12 అంగుళాల చదరపు కార్డ్‌స్టాక్ (మందపాటి కాగితం) 64 షీట్లు, డిజైన్ పేపర్ (పువ్వుల్లాంటి బొమ్మలు అచ్చేసిన కాగితం) 91. కార్డ్‌స్టాక్‌లో 11 షీట్లు ఒకే లేత నీలం! ఆ రంగు ఇంట్లో లేదనుకుని వెళ్లిన ప్రతిసారీ కొన్నానన్నమాట. కాగితాలు ఒకదానిమీద ఒకటి పడేసి ఉంచితే అడుగున ఏముందో తెలియదు. ఇప్పుడు రంగులవారీగా ఫైళ్లలో నిలబెట్టాను. ప్రతి రంగులోంచి గోరంత ముక్క కోసి, వెనక ఎన్ని షీట్లున్నాయో పెన్సిల్‌తో రాసి, అన్నిటినీ ఒక రింగుకి గుచ్చాను. షాపుకి వెళ్తే ఆ రింగు బ్యాగులో ఉంటుంది.

రెండో వారం

పొదుపు ఎక్కడ చెయ్యొచ్చు, ఎక్కడ చెయ్యకూడదు అన్నది ముందే తేల్చుకోవాలనిపించింది. నేను పెట్టుకున్న గీత ఇది: ఫొటోకి నేరుగా తగిలే కాగితం, జిగురు, ప్లాస్టిక్ కవరు మంచివే వాడతాను. మిగతావి ఇంట్లో దొరికినవైనా పర్వాలేదు.

న్యూస్‌ప్రింట్ లాంటి చౌక కాగితంలో లిగ్నిన్ (చెక్కలో ఉండే పదార్థం) మిగిలి ఉంటుంది, దానివల్లే కొన్నాళ్లకి పసుపెక్కుతుంది. అందులోని ఆమ్లం పక్కనున్న ఫొటోకీ పాకుతుంది. పాత ప్యాడ్లమీద యాసిడ్ ఫ్రీ (ఆమ్లం లేనిది) అన్న ముద్ర లేకపోతే, ఆమ్లం ఉందో లేదో రంగుతో చెప్పే పీహెచ్ పెన్‌తో ఒక మూల చిన్న గీత గీసి చూశాను. గీత ఊదారంగులో నిలిస్తే ఉంచుకున్నాను, పసుపు రంగుకి మారితే ఆమ్లం ఉన్నట్టే. లేత రంగు కాగితాలమీదే ఇది సరిగ్గా కనిపిస్తుంది. పైగా ఆ మరక పోదు, కాబట్టి కనపడని మూల చూసుకోవాలి. ఒక్క పెన్ను ఇంట్లో ఉన్న స్టాకంతటికీ సరిపోయింది.

కవర్లలో పీవీసీవి పక్కన పడేశాను. పాలీప్రొపిలీన్ లేదా పాలిస్టర్ అని రాసి ఉన్నవే ఫొటోలకి. ఇంకో సంగతి: రసీదులు, టిక్కెట్లు చాలావరకు థర్మల్ కాగితం (సిరా లేకుండా వేడితో అచ్చుపడేది), వాటిమీది అచ్చు కొన్నాళ్లకే వెలిసిపోతుంది. పాప మొదటి బూట్లు కొన్న రసీదు తీసి చూస్తే తేదీ తప్ప ఏమీ మిగల్లేదు. మీ దగ్గర అలాంటివుంటే ఇవాళే జిరాక్స్ తీసి పెట్టుకోండి, పేజీలో ఆ కాపీనే అంటించండి.

మూడు నుంచి ఐదో వారం

అసలు పొదుపంతా ఇక్కడే దొరికింది.

4 × 6 ఫొటో వెనక చుట్టూ పావు అంగుళం అంచు కనిపించేలా రంగు కాగితం పెడతాం కదా, ఆ మ్యాట్ కొలత 4.5 × 6.5. అందులో కంటికి కనిపించేది ఆ సన్నటి అంచే. మిగతాదంతా ఫొటో కింద దాక్కుని వృథా. అందుకే మధ్య ముక్క కోసి తీసేస్తున్నాను. కాగితం వెనకవైపు నాలుగు అంచుల నుంచీ అర అంగుళం లోపలికి గీతలు గీసి, స్టీలు స్కేలు ఆనించి కత్తితో కోస్తే 3.5 × 5.5 ముక్క చేతికొస్తుంది. కత్తి మూల దాటి కాస్త జారినా కంగారు లేదు, పావు అంగుళం వరకు ఫొటో కప్పేస్తుంది.

మొదటిరోజు ఒక తప్పు చేశాను. ఖాళీ చట్రాన్ని ముందు పేజీమీద అంటించబోతే మెలితిరిగి వంకరగా అతుక్కుంది. బల్లమీదే ఫొటోని చట్రానికి అంటించి, ఆ తర్వాత రెండూ కలిపి పేజీమీద పెట్టాలి. తీసిన ముక్క కబుర్లు రాసే 3 × 4 కార్డుకి సరిపోతుంది, 3 × 5 ఫొటోకైతే అదే మ్యాట్.

మ్యాట్లు కోసే తీరులో కూడా తేడా ఉంది. వరసగా కోస్తే 12 అంగుళాల షీటులో మూడే వస్తున్నాయి. ఒకటి నిలువు, పక్కది అడ్డం, ఇలా గాలిచక్రం రెక్కల్లా తిప్పుతూ గీస్తే నాలుగు వచ్చాయి. 4.5, 6.5 కలిపితే 11, కాబట్టి 11 అంగుళాల చదరంలో నాలుగూ ఇమిడిపోయి నడిమధ్య 2 అంగుళాల చదరం మిగులుతుంది. ఇలా గీసినవాటిని షీటంతా ఒక్క వేటుకి కోసే గిలెటిన్ ట్రిమ్మర్ మీద కోయలేం, గీత మధ్యలో ఆపాలి. దీనికి కత్తే దిక్కు.

డిజైన్ పేపర్‌ని ఇప్పుడు నిండు షీటుగా వాడటం బాగా తగ్గించాను. అంగుళం పట్టీలుగా కోస్తే షీటుకి పన్నెండు. పేజీకి రెండు పట్టీలు వేసుకున్నా ఒక షీటు ఆరు పేజీలకి వస్తుంది.

ఆరో వారం

జిగురు. ఫొటో చుట్టూ టేపు వేస్తే 20 అంగుళాలు పడుతుంది, నాలుగు మూలల్లో అంగుళం చొప్పున వేస్తే 4. రెండు వారాలు గమనించాను, 4 × 6 ఫొటోలు ఏవీ లేవలేదు. 8 × 10 మాత్రం మధ్యలో ఉబ్బింది, దానికి మధ్యలో ఇంకో రెండు ముక్కలు వెయ్యాల్సి వచ్చింది. టేపు మిగుల్చుదామని ఒక పేజీకి నీళ్ల జిగురు ధారాళంగా రాశాను, పల్చటి డిజైన్ పేపర్ అలలు అలలుగా ముడుచుకుపోయింది. ఆ పేజీ మళ్లీ చేశాను.

బ్లేడు దగ్గర కూడా పొదుపు పనికిరాదని ఇదే వారం తెలిసింది. మొద్దుబారిన బ్లేడుతో కోస్తే కాగితం అంచు నూగులేచి చిరిగింది, దాంతో నాకు బాగా ఇష్టమైన పూల కాగితం ఒకటి పోయింది. మొన విరిచి వాడే కత్తి అయితే ఇక్కడ ఎంతో నయం, మొద్దుబారగానే ఒక గడి విరిస్తే చాలు.

ఎనిమిదో వారం

నా దగ్గరున్న స్టిక్కర్ అక్షరాలన్నీ ఇంగ్లిష్‌వే, అందులోనూ అచ్చులన్నీ అయిపోయాయి. శీర్షికలు తెలుగులో రావాలని నాకు ఎప్పటినుంచో కోరిక. ‘మొదటి అడుగు’ అన్నది కంప్యూటర్‌లో లావుపాటి అక్షరాల్లో, అద్దంలో కనిపించినట్టు తిరగేసి ప్రింటు తీశాను. మ్యాట్ల మధ్యలోంచి తీసిన ముక్కల వెనక దాన్ని పల్చగా అంటించి కోశాను. గీతలన్నీ వెనకే ఉండిపోయాయి కాబట్టి ముందువైపు శుభ్రంగా వచ్చింది.

మన అక్షరాలన్నీ గుండ్రనివి కదా, కత్తెర తిప్పితే గండ్లు పడతాయి. కత్తెర కదలకుండా పట్టుకుని కాగితాన్నే తిప్పాలి. లోపలి ఖాళీలు ముందు కత్తి మొనతో తీసేసి, బయటి గీత ఆఖరున కొయ్యాలి. ‘టి’ మీది గుడి తెగిపోతే విడిగా కోసి అతికించాను, అతుకు అస్సలు తెలియలేదు. పాప పక్కనే కూర్చుని, “అమ్మా, ఇది నా అడుగేనా?” అని ‘డు’ మీద వేలు పెట్టి అడిగింది. ఆరు అక్షరాలకి గంటన్నర పట్టింది. ఇప్పుడు ప్రతి శీర్షికా ఇలాగే చేస్తున్నాను.

పదో వారంలో రంగు స్ప్రే సొంతంగా కలిపాను: చిన్న స్ప్రే సీసాలో నీళ్లు, నాలుగైదు చుక్కల యాక్రిలిక్ రంగు. బాగానే పనిచేసింది, వాడగానే మూతని మంచినీళ్లతో కడగకపోతే రంధ్రం పూడుకుపోతుంది.

పన్నెండో వారం

34 పేజీలు, 121 ఫొటోలు. కార్డ్‌స్టాక్ 39 షీట్లు అయింది, అందులో 26 పేజీ నేపథ్యానికి, 13 మ్యాట్లకి. ఆ 13 షీట్లలోంచి 52 మ్యాట్లు వచ్చాయి, వాటి మధ్య ముక్కల్లో 40 కార్డులూ అక్షరాలూ అయ్యాయి. డిజైన్ పేపర్ 11 షీట్లే తగ్గింది. పట్టుదల రెండుసార్లు తప్పాను, డబుల్ సైడ్ టేపు ఒకటి, బ్లేడ్ల ప్యాకెట్టు ఒకటి కొన్నాను.

ఇంకా 63 ఫొటోలున్నాయి. తెల్ల కార్డ్‌స్టాక్ రెండే మిగిలింది, అది తెచ్చుకోవాలి. లేత నీలం ఇంకా నాలుగున్నాయి, రింగుమీద ఆ సంఖ్య ఇవాళే దిద్దాను.