అనంతపురం మిద్దెమీద సూర్యుడి నల్లగీతలు

పొద్దున్నే కర్నూలులో బస్సెక్కితే డోన్, గుత్తి దాటి అనంతపురంలో దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. గుత్తి కోటను కిటికీలోంచే చూసి సరిపెట్టుకున్నా. నా పని మామ దగ్గరున్న పాత స్పెక్ట్రామీటరుతో, అంటే వెలుగును రంగులుగా విడదీసి చూపే సాధనంతో. ఆయన ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకునేవారు. పాత సామాను వేలం వేసినప్పుడు ఈ ఇత్తడి గొట్టాల సాధనాన్ని కొనుక్కున్నారు.

ఉగ్గాని, బజ్జీలు తిని మిద్దె ఎక్కాం. "సూర్యుడి వైపు గొట్టం తిప్పొద్దు అల్లుడా, కన్ను పోతాది" అని ముందే చెప్పి, అద్దంతో ఎండను తెల్లకాగితం మీదికి మళ్లించారు. ఆ వెలుగే సన్నని చీలికలోంచి లోపలికి పోతుంది. కొలిమేటర్ దాన్ని సమాంతర కిరణాలుగా చేస్తుంది, ఫ్లింట్ గాజు పట్టకం రంగులుగా విడదీస్తుంది. సోడియం దీపం ముందు కూర్చుని మినిమం డీవియేషన్ (పట్టకంలో కాంతి అతి తక్కువగా వంగే కోణం) కొలిచి రికార్డులు రాసినవాళ్లం మనలో ఎందరో! దాన్నోసారి ఎండకు పెట్టి చూడమని మాకు ఏ లెక్చరరూ చెప్పలేదు.

మొదట కనిపించింది ఉత్త ఇంద్రధనుస్సే. మామ చీలికను ఇంకా ఇంకా బిగించేసరికి పసుపులో ఒక నల్లగీత తేలింది. ఫోకస్ సరిచేస్తే అదే రెండుగా చీలింది. సోడియం డి గీతలు! ఆకుపచ్చలో మెగ్నీషియం, ఎరుపులో ఒకటి, నీలంలో ఒకటి హైడ్రోజన్‌వి. ఫ్రాన్‌హోఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1814లో ఇలాంటివి వందల కొద్దీ గుర్తించాడు. సూర్యుడి పైపొరల్లోని వాయువులు తమ తమ రంగుల్ని మింగేయడం వల్లే ఇవి ఏర్పడతాయని 1859లో మరో జర్మన్ శాస్త్రవేత్త కిర్కాఫ్ తేల్చాడు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం నాడు గుంటూరులో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ చూసినవి మాత్రం నల్లగీతలు కావు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్లోంచి వచ్చే మెరుపుగీతలు. మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ పట్టుకున్నాడు. పట్టకం ఆకాశపు వెలుతురును పరిచి పలుచన చేస్తుంది, మెరుపుగీత మాత్రం పలుచబడదు. ఉపాయమంతా అందులోనే ఉంది. హీలియం గుంటూరులోనే దొరికిందని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు గానీ, నన్నడిగితే జాన్సెన్ ఘనత ఈ ఉపాయానిదే. జ్వాలల్లోని పసుపుగీత సోడియంది కాదు, కొత్త మూలకానిదని (అదే హీలియం) వాదించింది ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త లాకయర్. సోడియం జంట 589.0, 589.6 నానోమీటర్ల దగ్గరుంటే, ఇది 587.6 దగ్గరుంది. భూమ్మీద హీలియం 1895లో రసాయన శాస్త్రవేత్త రామ్జేకు చిక్కింది.

"మరి ఆ గీత మనకు కనపడదా మామా?"

"దీంట్లో యాడ కనపడుతుంది? బింబం అంచును మాత్రమే చీలిక మీద నిలబెట్టాల. దానికి పెద్ద టెలిస్కోపు కావాల."

తర్వాత పట్టకం తీసి గ్రేటింగ్ (సన్నని గీతలు దగ్గర దగ్గరగా గీసిన పలక) పెట్టాం. రంగులు ఇంకా వెడల్పుగా విచ్చుకున్నాయి, వెలుగు మాత్రం తగ్గింది. గ్రేటింగ్ కాంతిని అటూ ఇటూ వరుసలుగా పంచేస్తుంది, పట్టకం ఒక్క వర్ణపటంలోనే పోస్తుంది. కొడైకెనాల్‌లో 1904 నుంచి కాల్షియం కె గీతలో (ఊదారంగు కొసన ఉండే కాల్షియం గీత వెలుగులో) సూర్యుణ్ణి ఫొటోలు తీసిన యంత్రంలోనూ ఉన్నది పట్టకమేనని మామ గుర్తుచేశారు. నాకు గ్రేటింగే నచ్చిందన్నాను. ఆయన ఒప్పుకోలేదు, పట్టకాన్ని మళ్లీ బిగించేశారు.