పన్నెండు బ్యాటరీలు, ఒక్క బల్బు

పర్లాకిమిడిలో మా మేడ మీద రెండు రాత్రులు టెస్టర్‌లో ఉండేలాంటి చిన్న నియాన్ బల్బు ఒకటి వెలిగించడానికే సరిపోయాయి. 9 వోల్టుల బ్యాటరీలు పన్నెండు వరసగా కలిపితే 108 వోల్టులు. అయినా నియాన్ బల్బు వెలగదే! సోల్డరింగ్ సరిగా అంటలేదేమోనని మళ్లీ మళ్లీ చేశాను. తీరా చూస్తే నేను తెచ్చింది ఎక్కువ వెలుగిచ్చే రకం. డీసీలో, అంటే బ్యాటరీ కరెంటులో, దానికి సుమారు 135 వోల్టులు కావాలి. మామూలు రకం 90 దగ్గరే వెలుగుతుంది.

అది తెచ్చి, 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి కలిపాను (కరెంటును అదుపులో ఉంచే ఈ రెసిస్టర్ లేకుండా మాత్రం కలపకండి, బల్బు పోతుంది). వెలిగింది! గాజు లోపల రెండు సన్నని కడ్డీలు. నెగిటివ్ వైపుది ఒక్కటే నారింజ రంగు కప్పుకుంది. వైర్లు మార్చితే వెలుగు రెండోదానికి వెళ్లింది.

నాన్నకి చూపించాను. "మన టెస్టర్‌లో రెండూ వెలుగుతాయి కదరా?" అన్నారు.

"అది ఏసీ కదా నాన్నా! అందులో పాజిటివ్, నెగిటివ్ మారుతూనే ఉంటాయి."